పేర్లు కొలరాడోలో, మనుషులు వయోమింగ్‌లో

నేను ఆస్తిపన్ను కట్టేది అరాపహో కౌంటీకి. పిల్లలకు పుస్తకాలు తెచ్చేది అరాపహో గ్రంథాలయం నుంచి. రోజూ ఆఫీసుకు వెళ్లేది అరాపహో రోడ్డు మీదుగా. చలికాలం వస్తే మంచు మీద జారడానికి జనం ఎగబడే కొండ పేరు అరాపహో బేసిన్. డెన్వర్ చుట్టుపక్కల కాపురముంటున్న తెలుగువాళ్లకు ఈ మాట మన ఊళ్లో స్టేషన్ రోడ్డు అన్నంత మామూలు మాట. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో ఆరున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. ఏ ప్రజల పేరు దానికి పెట్టారో ఆ ప్రజలకు మాత్రం కౌంటీలోనే కాదు, కొలరాడో రాష్ట్రం మొత్తంలో ఎక్కడా రిజర్వేషన్ లేదు. (ఇక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదు, స్థానిక తెగలకు ప్రభుత్వం హద్దులు గీసి మిగిల్చిన భూభాగం.) రాష్ట్రంలో ఉన్న రెండూ నైరుతి మూలన, యూట్ తెగలవి. అరాపహోల ఉత్తర శాఖ వయోమింగ్‌లో, దక్షిణ శాఖ ఓక్లహోమాలో ఉన్నాయి.

ఈ సంగతి ఎత్తితే మన కూటముల్లో రెండు రకాల జవాబులు వస్తాయి. "అయ్యో, వాళ్లింకా ఉన్నారా?" అనేది ఒకటి. "పాపం, చాలా అన్యాయం జరిగిందండీ" అనేది రెండోది. రెండోది దయగలది, కానీ మొదటిదానికి సొంత చెల్లెలు. రెండూ అరాపహోలను గతంలో కూర్చోబెట్టి మాట్లాడేవే. కొలరాడో ప్రభుత్వం చేస్తున్నదీ, కాస్త ఖర్చు పెట్టి, అదే. నా వాదన ఇది: గతానికి క్షమాపణలూ పేర్లూ దండిగా దొరుకుతున్నాయి. వర్తమానంలో ఒక ఆసుపత్రినో, ఒక కాలువనో, ఒక బడినో నడిపే అధికారం అడిగితే మాత్రం వాళ్లు ఇప్పటికీ కోర్టుల మెట్లు ఎక్కాల్సి వస్తోంది. అరాపహోల భవిష్యత్తు ఉన్నది ఆ రెండో చోటే. వాళ్ల మీద అభిమానం ఉన్నవాళ్లు చూడాల్సింది కూడా అక్కడే.

చరిత్ర కొంత చెప్పక తప్పదు, కానీ పురాణం మొదలుపెట్టను. అరాపహో భాష ఆల్గాంక్వియన్ కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో ఎక్కువ భాషలు తూర్పున, మహాసరస్సుల చుట్టూ ఉంటాయి. వీళ్లు అటునుంచి పడమరకు వచ్చి, గుర్రాలు సంపాదించుకుని, పద్దెనిమిదో శతాబ్దం నాటికి మైదానాల ప్రజలయ్యారు. అడవి దున్నల వేట, గుడారాల జీవితం, షయెన్ తెగతో విడదీయరాని పొత్తు. వయసును బట్టి మెట్లుగా కట్టిన మగవాళ్ల సంఘాలు, అందరికన్నా పైన ఏడుగురు వృద్ధులు, ఆడవాళ్లలో ముళ్లపంది ముళ్లతో గుడారాలకూ ఊయలలకూ చేసే పవిత్రమైన అలంకరణ విద్యకు పెద్దలుగా మరో ఏడుగురు: అధికారాన్ని పెద్దరికంతో ముడిపెట్టిన సమాజం అది. కుర్రకారు దూకుడును పెద్దలు పట్టి ఆపగలిగిన ఈ ఏర్పాటే తర్వాత వాళ్లను బతికించిందని నా నమ్మకం.

వాళ్లు వ్యాపారులు, బహుభాషావేత్తలు కూడా. బౌల్డర్ ప్రాంతంలో చలికాలం గడిపిన నైవాట్ అనే అరాపహో నాయకుడు ఇంగ్లిషు బాగా మాట్లాడేవాడు. ఫ్రైడే అనే నాయకుడి కథ ఇంకా చిత్రం. 1831లో చిన్నపిల్లాడిగా తన వాళ్ల నుంచి తప్పిపోతే, థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే తెల్ల వ్యాపారికి ఒక శుక్రవారం నాడు దొరికాడు. పేరు అలా వచ్చింది. సెయింట్ లూయిస్‌లో చదువుకుని, కొన్నేళ్లకు సొంత మనుషుల దగ్గరికి తిరిగి వచ్చి, జీవితాంతం దుబాసీగా, నాయకుడిగా ఉన్నాడు. అంటే తెల్లవాళ్లతో మాట కలపలేక, వాళ్ల ఉద్దేశాలు అర్థం కాక భూమి పోగొట్టుకున్నారనే కథ అరాపహోల విషయంలో అసలు చెల్లదు. వాళ్లు మాట్లాడారు, సంతకాలు చేశారు, చేసిన సంతకానికి చాలావరకు కట్టుబడ్డారు.

ఆ సంతకాల కథ ఇదీ. 1851లో ఫోర్ట్ లారమీ ఒప్పందం: ఉత్తరాన నార్త్ ప్లాట్ నది నుంచి దక్షిణాన ఆర్కన్సా నది వరకు షయెన్‌లదీ అరాపహోలదీ. ఇప్పటి డెన్వర్, బౌల్డర్, నేనుంటున్న వీధి, అన్నీ అందులోవే. బదులుగా ఈ ప్రాంతపు తెగలన్నిటికీ కలిపి యాభై ఏళ్లపాటు ఏటా 50,000 డాలర్ల సరుకులు ఇస్తామన్నారు. సెనేట్ ఆ యాభైని పదికి కుదించింది. 1858లో డెన్వర్ దగ్గర వాగుల్లో బంగారం కనిపించింది. తర్వాతి రెండు మూడేళ్లలో లక్ష మంది దాకా ఇటు బయల్దేరారని అంచనా. లిటిల్ రావెన్ అనే అరాపహో నాయకుడు తన నేల మీద లేస్తున్న ఊరిని చూసి తగువుకు దిగలేదు, వచ్చినవాళ్లతో కలిసి భోజనం చేశాడు. 1861లో ఫోర్ట్ వైజ్ ఒప్పందం వచ్చింది. కొద్దిమంది నాయకుల సంతకాలతో పాత భూభాగం పదమూడో వంతుకు దిగింది. అదే ఏడు కొలరాడో టెరిటరీ ఏర్పడి తన మొదటి 17 కౌంటీలు గీసుకుంది. అందులో ఒకటి అరాపహో కౌంటీ. భూమి తీసుకోవడమూ పేరు పెట్టడమూ ఒకే సంవత్సరం పనులు.

1864 సంగతి మాత్రం తొందరగా దాటలేను. ఆ వేసవిలో గవర్నర్ జాన్ ఎవాన్స్ రెండు ప్రకటనలు చేశాడు. స్నేహంగా ఉండేవాళ్లు ఫలానా కోటల దగ్గరికి రావాలని జూన్‌లో మొదటిది. శత్రువులుగా ఉన్న స్థానికులను పౌరులెవరైనా వెంటాడి చంపవచ్చు, వాళ్ల సొత్తు తామే ఉంచుకోవచ్చు అని ఆగస్టులో రెండోది. శత్రువెవరో మిత్రుడెవరో తేల్చేది తుపాకీ పట్టుకున్నవాడే. సెప్టెంబర్‌లో షయెన్, అరాపహో నాయకులు డెన్వర్ దాకా వచ్చి శాంతి అడిగారు. ఫోర్ట్ లయన్ కోట దగ్గరికి వెళ్లండన్నారు. వెళ్లారు. అక్కడి నుంచి శాండ్ క్రీక్ వాగు ఒడ్డున విడిది చేయమంటే చేశారు. నవంబర్ 29న తెల్లవారుతుండగా కల్నల్ జాన్ చివింగ్టన్ సుమారు 675 మంది సైనికులతో ఆ విడిది మీద పడ్డాడు. షయెన్ నాయకుడు బ్లాక్ కెటిల్ గుడారం మీద అమెరికా జెండా, దానితోపాటు తెల్లజెండా ఎగురుతూనే ఉన్నాయి. దాదాపు 230 మందిని చంపారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. చనిపోయినవాళ్లలో అధికులు షయెన్‌లు. అరాపహోల గుడారాలు కొన్నే, నైవాట్ మనుషులవి. నైవాట్ ఆ దాడిలో తగిలిన గాయాలతో పోయాడు. అతని పేరు ఇప్పుడు బౌల్డర్ పక్కన ఇళ్ల ధరలు మండిపోయే ఒక చిన్న ఊరిది.

ఇదంతా మనకు వివరంగా తెలియడానికి కారణం సైన్యంలోనే ఉన్న ఇద్దరు. కెప్టెన్ సైలస్ సూల్, లెఫ్టినెంట్ జోసెఫ్ క్రేమర్ తమ దళాలకు కాల్చమని ఆజ్ఞ ఇవ్వలేదు. తర్వాత చూసినది చూసినట్టు పైఅధికారికి ఉత్తరాలు రాశారు. విచారణలో సాక్ష్యం చెప్పిన సూల్‌ను 1865 ఏప్రిల్‌లో డెన్వర్ వీధిలో కాల్చి చంపారు. మూడు విచారణలు జరిగాయి, మూడూ తప్పుపట్టాయి, చివింగ్టన్‌కు ఒక్కరోజు శిక్ష కూడా పడలేదు. ఎవాన్స్ పదవి మాత్రం పోయింది. 1865 అక్టోబర్‌లో లిటిల్ ఆర్కన్సా ఒప్పందంలో అమెరికా ప్రభుత్వమే ఇది ఘోరమని ఒప్పుకుని, భర్తలనూ తల్లిదండ్రులనూ పోగొట్టుకున్నవాళ్లకు తలా 160 ఎకరాలు ఇస్తానని రాసింది. ఆ కాగితం పట్టుకుని 2013లో వారసులు దావా వేశారు. ప్రభుత్వ సమ్మతి లేకుండా ప్రభుత్వం మీద ఇలాంటి దావా చెల్లదంటూ 2015లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. నూటయాభై ఏళ్ల తర్వాత అయినా కాగితం అబద్ధమని ఎవరూ అనలేదు. అడిగే హక్కు లేదన్నారంతే.

శాండ్ క్రీక్ తర్వాత తెగ రెండు దిక్కులకు చీలిపోవడం పూర్తయింది. దక్షిణపువాళ్లను 1867 తర్వాత ఇప్పటి ఓక్లహోమాలో షయెన్‌లతో కలిపి పెట్టారు. ఉత్తరాన ఫ్రైడే తన చిన్న గుంపుతో ఇప్పటి ఫోర్ట్ కాలిన్స్ దగ్గర కాష్ లా పూడర్ నది ఒడ్డున ఉండనివ్వమని అడిగాడు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, ఇంగ్లిషు తెలిసిన మనిషి. ఆ నేల అప్పటికే వలసదారులు ఆక్రమించుకున్నారు కాబట్టి కుదరదన్నారు. కొలరాడోలో అరాపహోలకు సొంత నేల దక్కే చివరి అవకాశం అలా పోయింది. మంచిగా ఉంటే మిగులుతుందనుకునేవాళ్లు ఫ్రైడే ఉదంతం ఒక్కసారి చదవాలి.

ఉత్తర అరాపహోల నాయకులు బ్లాక్ కోల్, షార్ప్ నోజ్ మరో దారి పట్టారు. 1876 యుద్ధంలో లకోటా తెగవాళ్లు, షయెన్‌లు కలిసి అమెరికా సైన్యాధికారి కస్టర్‌ను ఓడించిన చోట అరాపహోలు అయిదుగురే ఉన్నారు. ఆ అయిదుగురినీ లకోటాలు మొదట సైన్యపు వేగులని అనుమానించారు. ఆ ఏడాదే చాలామంది అరాపహో యువకులు నిజంగానే సైన్యానికి దారిచూపే కొలువులో చేరారు. దీన్ని ద్రోహమనే చరిత్రకారులున్నారు. నాకలా తోచదు. కొలువులో ఉన్నవాడి చేతిలో తుపాకీ, గుర్రం, జీతం, జనరల్‌తో నేరుగా మాట్లాడే వీలు ఉంటాయి. ఆ వీలును వాళ్లు వాడుకున్నారు. 1877లో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు హేస్‌ను కలిసి, ఓక్లహోమా వైపు వెళ్లం, వయోమింగ్‌లోనే ఉంటామని ఒప్పించారు.

ఒప్పించారు సరే, 1878లో వాళ్లను తెచ్చి దింపింది ఎవరి నేల మీద? పాత శత్రువులైన షోషోనీల విండ్ రివర్ రిజర్వేషన్‌లో. నాలుగేళ్ల ముందే, 1874 జూలై 4న, షోషోనీలు సైన్యంతో కలిసి అరాపహోల విడిది మీద దాడి చేశారు. తాత్కాలికమే అని షోషోనీ పెద్ద వషాకీకి చెప్పారు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తోంది. షోషోనీలు పట్టువదలకుండా దావా వేసి, 1937, 1938 సుప్రీంకోర్టు తీర్పులతో ప్రభుత్వం నుంచి దాదాపు 44 లక్షల డాలర్లు రాబట్టారు: మా నేలలో సగాన్ని మమ్మల్ని అడగకుండా వేరేవాళ్లకిచ్చారు, ఖరీదు కట్టండి అని. తమాషా ఏమిటంటే ఆ తీర్పుతో రెండో సగం అరాపహోలదని చట్టపరంగా ఖాయమైంది. తాము కక్షిదారులు కాని వ్యాజ్యంలో అరాపహోలు భూమి గెలుచుకున్నారు. అమెరికా న్యాయవ్యవస్థ వాళ్లకు చేసిన అతిపెద్ద మేలు ఈ ప్రమాదవశాత్తు జరిగినదే.

ఓక్లహోమాలో అలాంటి అదృష్టం లేదు. ఉమ్మడి భూమిని ముక్కలు చేసి తలా 160 ఎకరాలు పంచడం, మిగిలినది మిగులు అనడం: 1887 డావ్స్ చట్టం చెప్పిన పద్ధతి అది. 1892 ఏప్రిల్ 19 మధ్యాహ్నం తుపాకీ పేల్చగానే వేలమంది గుర్రాల మీద, బండ్ల మీద పరుగెత్తి ఆ మిగులును ఆక్రమించుకున్నారు. పంచిన ముక్కలు కూడా తర్వాత అప్పులకూ అమ్మకాలకూ కరిగిపోయాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1/70 చట్టం ఎందుకుందో అర్థం కావాలంటే, అది లేకపోతే ఏమవుతుందో పశ్చిమ ఓక్లహోమా చెబుతుంది. అక్కడి ఫోర్ట్ రీనో అనే పాత సైనిక కోట నేల ఇంకో ఉదాహరణ. 1883లో రిజర్వేషన్ నుంచి కోసి తీసుకున్నారు. సైన్యం వెళ్లిపోయాక తిరిగి ఇవ్వలేదు, వ్యవసాయ శాఖ పరిశోధనలకిచ్చారు. 1996లో తెగ నాయకులు ఆశ కొద్దీ డెమొక్రటిక్ పార్టీకి లక్షకు పైగా డాలర్ల చందా ఇచ్చి, శ్వేతసౌధంలో అధ్యక్షుడితో భోజనం చేసి వచ్చారు. భోజనమే దక్కింది. కోర్టుకు వెళితే 2009లో, పన్నెండేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది పొమ్మన్నారు.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గుర్తుండేది 1914 నాటి ఒక యాత్ర. కొలరాడో పర్వతారోహకుల సంఘం ఒకటి రాకీ పర్వతాల్లో జాతీయ పార్కు కోసం ప్రయత్నిస్తూ, కొండలకు స్థానికుల పేర్లుంటే బాగుంటుందని అనుకుంది. వయోమింగ్ నుంచి ఇద్దరు అరాపహో పెద్దలను, గన్ గ్రిస్‌వోల్డ్, షెర్మన్ సేజ్‌లను, ఒక దుబాసీని పిలిపించింది. వాళ్లు ఎస్టెస్ పార్క్ అనే ఊరి చుట్టూ గుర్రాల మీద తిరుగుతూ, తమ చిన్నతనంలో తిరిగిన చోట్లను గుర్తుపట్టి ఈ కొండ పేరు ఇది, ఈ దారి ఫలానావాళ్లది, ఇక్కడ ఫలానా పోరు జరిగింది అని చెబుతూ పోయారు. ఆలివర్ టోల్ అనే యువకుడు రాసుకున్నాడు. మరుసటి ఏడు పార్కు వచ్చింది, చాలా పేర్లు పటం మీదికెక్కాయి. పేర్లు చెప్పినవాళ్లు రైలెక్కి వయోమింగ్ వెళ్లిపోయారు. ఆ కొండల్లో ఒక గుడారం వేసుకునే చోటు ఇద్దామని పిలిచినవాళ్లలో ఎవరికీ తట్టినట్టు లేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. శ్రద్ధగా, గౌరవంగా, పెద్దమనుషుల్లా ప్రవర్తించారు. నా ఫిర్యాదంతా ఆ రకం గౌరవం మీదే.

ఎందుకంటే ఇప్పుడు జరుగుతున్నదీ దాని కొనసాగింపే. 2014లో గవర్నర్ రాష్ట్రం తరఫున శాండ్ క్రీక్‌కు క్షమాపణ చెప్పాడు. 2021లో మరో గవర్నర్ 1864 నాటి ప్రకటనలను రద్దు చేశాడు. 2023 సెప్టెంబర్‌లో డెన్వర్ నుంచి కనిపించే మౌంట్ ఎవాన్స్ శిఖరం పేరు మౌంట్ బ్లూ స్కై అయింది. అరాపహోలను నీలాకాశం ప్రజలంటారు. ఆ పేరు కూడా అందరికీ నచ్చలేదు. తమ పవిత్ర క్రతువుకు సంబంధించిన మాటను కొండకు పెట్టవద్దని ఉత్తర షయెన్‌లు అభ్యంతరం చెప్పారు. ఇవన్నీ అక్కర్లేదనను. హంతక ప్రకటన చేసినవాడి పేరు శిఖరం మీద ఉండకూడదు, అంతే. కానీ వీటన్నిటికీ అయిన ఖర్చు లెక్కవేయండి. కొన్ని బోర్డులు, కొన్ని పటాలు, ఒక సభ.

2004లో ఓక్లహోమా షయెన్-అరాపహోలు వేరే రకం కోరిక కోరారు. కొలరాడోలో 2.7 కోట్ల ఎకరాల మీద తమకున్న హక్కు వాదనను వదులుకుంటాం, బదులుగా డెన్వర్ విమానాశ్రయం దగ్గర 500 ఎకరాలివ్వండి, కాసినో కట్టుకుంటాం అన్నారు. వెనక బయటి పెట్టుబడిదారులున్నారు, ప్రతిపాదనలో లోపాలున్నాయి, నిజమే. జూదం నాకూ ఇష్టం లేదు. అయినా రాష్ట్ర నాయకులు దాన్ని ఎంత వేగంగా తన్నేశారో చూస్తే, పేరు అడిగినప్పుడు వినిపించే తీయని గొంతు భూమి అడిగినప్పుడు ఎలా మారుతుందో తెలుస్తుంది. కొలరాడోలో వాళ్ల కోసం ట్రస్టులోకి (అంటే తెగ పేరు మీద కేంద్రం కాపాడే భూమిలోకి) చేరిన చెప్పుకోదగ్గ నేల శాండ్ క్రీక్ స్మారక స్థలంలో ఉంది. ఒక కాసినో వ్యాపారి కొని తెగకు ఇస్తే 2005 చట్టంతో ట్రస్టు భూమి అయింది. చంపిన చోటు తిరిగి ఇచ్చారన్నమాట.

పేర్ల విషయంలో ఒక్క మినహాయింపు ఇస్తాను. డెన్వర్ పక్కన సెంటెనియల్ అనే ఊళ్లోని అరాపహో హైస్కూలు తన ఆటల జట్టు చిహ్నం గురించి 1993లో ఉత్తర అరాపహోలతో కూర్చుని ఒడంబడిక చేసుకుంది. చిహ్నాన్ని అరాపహో చిత్రకారుడే గీశాడు. దాన్ని ఆటస్థలం నేల మీద వేయకూడదు, తొక్కుతారు కాబట్టి. వ్యాయామశాలకు ఆంథోనీ సిటింగ్ ఈగిల్ అనే పెద్దాయన పేరు పెట్టారు. బడికీ విండ్ రివర్‌కూ రాకపోకలున్నాయి. 2021లో స్థానిక తెగల చిహ్నాలను బడుల్లో నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసినప్పుడు, తెగతో ఒడంబడిక ఉన్న ఇలాంటి బడులకు మినహాయింపు దొరికింది. ఇక్కడ పేరుకు అనుమతి ఉంది, షరతులున్నాయి, రద్దు చేసుకునే హక్కు ఇచ్చినవాళ్ల చేతిలో ఉంది. కౌంటీకి, రోడ్డుకు, మంచుకొండకు ఏ షరతూ లేదు.

ఇక విండ్ రివర్. డెన్వర్ నుంచి కారులో దాదాపు ఆరు గంటలు. సుమారు 22 లక్షల ఎకరాల రిజర్వేషన్, పడమటన మంచుకొండలు, కింద ఎండిన మైదానం, మధ్యలో ఎథెటి, అరాపహో అనే చిన్న ఊళ్లు. ఇక్కడ భవిష్యత్తు ఎలా తయారవుతోందో చెప్పడానికి ఆసుపత్రి కథ చాలు. 2016లో ఉత్తర అరాపహోలు తమ ఊరి వైద్యశాలను కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి తమ చేతిలోకి తీసుకున్నారు. 1975 చట్టం ప్రకారం తెగలు ఇలా తీసుకోవచ్చు. ప్రభుత్వం ఖర్చు పెట్టే సొమ్ము తెగకు ఇస్తుంది. దానితోపాటు లెక్కల నిర్వహణ, తనిఖీ, బీమా వంటి పైఖర్చులూ ఇస్తుంది. వైద్యశాల రోగుల బీమా సంస్థల నుంచి వసూలు చేసుకున్న డబ్బును మళ్లీ వైద్యానికే వాడాలి. తిరకాసు ఇక్కడే. ఆ వసూలు డబ్బుతో నడిపే వైద్యానికి పైఖర్చులు ఇవ్వం అంది ప్రభుత్వం. అంటే ఎంత బాగా నడిపితే అంత నష్టం. అరాపహోలు అరిజోనాకు చెందిన ఒక అపాచీ తెగతో పాటు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2024 జూన్‌లో 5-4 తేడాతో గెలిచారు. దేశంలో సొంతంగా వైద్యం నడుపుకునే ప్రతి తెగకూ ఈ తీర్పు వర్తిస్తుంది. కొండ పేరు మారినప్పుడు వచ్చిన వార్తల్లో పదో వంతు కూడా దీనికి రాలేదు.

నిన్నటి గాయానికి పరిహారం అడిగితే గడువు దాటింది, హక్కు లేదు అనే కోర్టులు, ఈరోజు నడుపుతున్న పనికి రావాల్సిన సొమ్ము అడిగితే కనీసం కాగితాలు తెరిచి చదువుతున్నాయి. న్యాయంగా ఇది తలకిందుల వ్యవహారమే. కానీ ఉత్తర అరాపహోలు దీన్ని బాగా కనిపెట్టారనిపిస్తుంది. 2004లో అప్పీలు కోర్టులో గెలిచి వయోమింగ్ రాష్ట్రం వద్దన్నా కాసినోలు తెరిచారు. జీతాలు, బడుల నిధులు అటునుంచి వస్తున్నాయి. 2019లో షోషోనీల బాటలో తమ సొంత దున్నల మందను మొదలుపెట్టారు.

అన్నీ గెలుపులు కావు. నీళ్ల సంగతి చూడండి. దీర్ఘకాలం నడిచిన వ్యాజ్యంలో 1868 నాటి ప్రాధాన్యంతో (ఎవరి హక్కు పాతదైతే నీరు ముందు వాళ్లకే) ఏటా దాదాపు అయిదు లక్షల ఎకరం-అడుగుల (ఎకరం-అడుగు అంటే ఎకరం నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీరు) నీరు రెండు తెగలదని తేలింది, 1989లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఆ తీర్పే నిలిచింది. ఆ నీటిలో కొంత నదిలోనే వదిలేస్తాం, చేపలు బతుకుతాయి, నది నదిలా ఉంటుంది అన్నారు తెగలవాళ్లు. మీకిచ్చింది సేద్యానికి, నదిలో వదలడానికి కాదు అని 1992లో వయోమింగ్ సుప్రీంకోర్టు తేల్చింది. నీరు మీదే, ఏం చేయాలో మేం చెబుతాం. రివర్టన్ పట్టణం రిజర్వేషన్ లోపలిదా బయటిదా అనే తగువులో 2017లో అప్పీలు కోర్టు బయటిదంది. ఆ పట్టణం పక్కనే 1958 నుంచి 1963 వరకు నడిచిన యురేనియం మిల్లు వదిలిన కాలుష్యం మాత్రం అరాపహోల ఊళ్ల కింద భూగర్భజలంలోనే ఉంది.

లోపలి తగాదాలు దాచడం నాకిష్టం లేదు. షోషోనీలతో కలిపి నడిపిన ఉమ్మడి మండలి నుంచి 2014లో ఉత్తర అరాపహోలు బయటికొచ్చేశారు, దాంతో కొత్త వ్యాజ్యాలు. ఓక్లహోమాలో కొన్నేళ్లపాటు ఇద్దరు తామే తెగ గవర్నర్ అంటూ చెరో కార్యాలయం నడిపారు. తెలుగు సంఘాల ఎన్నికలు చూసినవాళ్లం, మనం ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. ప్రజలు సాధువులైతేనే హక్కులుంటాయనే నియమం ఎక్కడా లేదు.

భాష గురించి నాకు భయముంది, దాన్ని ఆశతో కప్పను. ధారాళంగా అరాపహో మాట్లాడేవాళ్లు ఇప్పుడు వృద్ధులే. ఓక్లహోమాలో దాదాపు ఆగిపోయింది. పిల్లల నోట భాషను తుంచింది బోర్డింగు బడులు. 1881 మార్చిలో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడికి చేరిన ముగ్గురు అరాపహో పిల్లలు లిటిల్ చీఫ్, హార్స్, లిటిల్ ప్లూమ్ రెండేళ్లలోపే చనిపోయారు. 2017లో తెగ పట్టుబట్టి సైన్యం చేత సమాధులు తవ్వించింది. ఇద్దరు ఇంటికొచ్చారు. మూడో సమాధిలో వేరేవాళ్ల ఎముకలున్నాయి, ఆ బాబును వెతికి తేవడానికి ఇంకో ఏడాది పట్టింది. మరోవైపు 1994లో ఒక డిస్నీ కార్టూన్ చిత్రానికి అరాపహోలో మాటలు చెప్పించారు. 2008లో పూర్తిగా అరాపహోలోనే నడిచే పసిపిల్లల బడి పెట్టారు. బౌల్డర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కవెల్ పెద్దలతో కలిసి వ్యాకరణం, నిఘంటువు, కథల భాండాగారం తయారుచేశారు. ఇవి మంచి పనులే, కానీ భండారం నిండినంత మాత్రాన వంటింట్లో మాట పుట్టదు. ఇక్కడ వారాంతపు తెలుగు తరగతులు నడిపే మనకు ఆ కష్టం కొంత తెలుసు. తేడా ఒక్కటే: మన పిల్లలు తెలుగు వదిలేస్తే నష్టం మన ఇంటికి, అటు ఎనిమిది కోట్ల మంది మాట్లాడుతూనే ఉంటారు. విండ్ రివర్‌లో ఒక అమ్మమ్మ పోతే ఆ లోటు పూడ్చడానికి వెనక ఏ దేశమూ లేదు. కాబట్టి కావాల్సింది ఇంకో నిఘంటువు కాదు. పిల్లలతో రోజంతా అరాపహోలో గడపగల యువ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు పూర్తి జీతం. అంటే మళ్లీ నిధులు, మళ్లీ అధికారం.

మరి కౌంటీ పేరు మోస్తున్న మనం ఏం చేయాలి? ఈ నేల ఒకప్పుడు ఫలానా తెగలదని చెప్పే నేల గుర్తింపు ప్రసంగాలు మన పండుగ సభల్లోకీ వచ్చాయి. మైకు ముందు అర నిమిషం చదివి, వెంటనే కూచిపూడి మొదలవుతుంది. దానికన్నా రాష్ట్ర శాసనసభలో అడగాల్సినవి కొన్నున్నాయి. 2021లో కొలరాడో ఒక మంచి పని చేసింది: ఈ నేలతో చారిత్రక సంబంధమున్న తెగల విద్యార్థులు ఎక్కడివారైనా స్థానికుల ఫీజుకే ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదవవచ్చు. స్థానికుల ఫీజు కూడా తక్కువేమీ కాదని పిల్లల్ని బౌల్డర్‌లో చదివిస్తున్న మనందరికీ తెలుసు. డురాంగోలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల మాత్రం స్థానిక తెగల విద్యార్థులకు ఫీజు పూర్తిగా మాఫీ చేస్తుంది. ఔదార్యంతో కాదు, శతాబ్దం కిందట ఆ నేలను రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు కేంద్రం పెట్టిన షరతు అది. షరతు ఉంది కాబట్టి నడుస్తోంది. బౌల్డర్ విశ్వవిద్యాలయం నిలబడ్డది నైవాట్ చలికాలపు విడిది చుట్టుపక్కలే. ఆ షరతును అక్కడికీ విస్తరించే బిల్లు రాయడం అంత కష్టం కాదు. డెన్వర్ నగరం 2021 నుంచి తన కొండల మందల్లో మిగులు దున్నలను వేలం వేయకుండా అరాపహోలకూ మరికొన్ని తెగలకూ పంపుతోంది. పార్కుల శాఖ చేయగలిగింది విశ్వవిద్యాలయం చేయలేనంటే నేను నమ్మను. ఈ కౌంటీలో ఓటున్న తెలుగువాళ్లు ఇప్పుడు వేలల్లో ఉన్నారు, శాసనసభ్యుల ఇంటి తలుపు తట్టడం మన సంఘాలకు కొత్త కూడా కాదు. వీసాల కోసం తట్టాం. దీనికోసం వచ్చే సమావేశాల ముందు తడదామని నా ప్రతిపాదన.